వైరల్ అయిన మాటకు ట్రేడ్ మార్కు: అపోహలు - వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, జగిత్యాల ప్రాంతాల్లో రీల్స్ చేసే యువతలో ఇప్పుడొక ఆదుర్దా కనిపిస్తోంది. తాము వీడియోలో అన్న మాట జనం నోట్లో పడగానే దానిని ట్రేడ్ మార్కుగా నమోదు చేయించాలని, ఆలస్యమైతే ఇంకెవరో ఎగరేసుకుపోతారని భయపడుతూ మా కార్యాలయానికి వస్తున్నారు. ట్రేడ్ మార్కు దరఖాస్తులు చూసే న్యాయవాదిగా నేను తరచూ వినే అభిప్రాయాలను, వాటి వెనుక ఉన్న అసలు సంగతిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మాట మొదట అన్నది నేనే కాబట్టి అది నాదే.

ట్రేడ్ మార్కుల చట్టం, 1999 మాట పుట్టించినవారికి హక్కు ఇచ్చే చట్టం కాదు. ఒక సరుకు లేదా సేవ ఎవరి నుంచి వస్తున్నదో కొనేవారు పోల్చుకోవడానికి ఉపయోగపడే గుర్తును కాపాడడమే దాని పని. ఒకరు ప్రతి వీడియో చివర "ఇగ సూస్కో మరి" అంటారనుకుందాం. అది మన దగ్గర బస్టాండులోనూ, పెళ్లి పందిట్లోనూ రోజూ వినబడే మాటే. వాడుక భాషలో స్థిరపడిపోయిన మాటలు తప్ప మరేమీ లేని గుర్తుకు, ఏ విశిష్టతా లేని గుర్తుకు చట్టంలోని 9వ సెక్షన్ నమోదును నిరాకరిస్తుంది. దరఖాస్తుకు ముందే వ్యాపారంలో వాడి వాడి ఆ మాట ఫలానా వారి సరుకును గుర్తుచేసే స్థాయికి చేరిందని రుజువు చేస్తే మినహాయింపు ఉంటుంది గాని, ఆ రుజువు తేవడం తేలిక కాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. మాట ఎంత వైరల్ అయితే హక్కు అంత గట్టిదవుతుందని వచ్చినవారు అనుకుంటారు. నిజానికి అది పది మంది మీమ్‌లలోకి, వంద దుకాణాల బోర్డుల మీదికి చేరేకొద్దీ ఒక్కరిని మాత్రమే సూచించే శక్తిని కోల్పోతుంది. అమెరికాలోనూ ఇదే తర్కం నడుస్తుంది. బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ తరఫున "టాకో ట్యూజ్‌డే" అనే మాటకు వేసిన దరఖాస్తును అక్కడి ట్రేడ్ మార్కు కార్యాలయం 2019లో, అది అందరూ వాడే మామూలు మాట అనే కారణంతో తిరస్కరించింది.

అపోహ: టీషర్టుల మీద అచ్చు వేసి అమ్మితే ట్రేడ్ మార్కుగా వాడినట్లే.

ఛాతీ మీద పెద్ద అక్షరాలతో ఉన్న మాటను కొనేవారు సరదా కోసం, అందం కోసం చూస్తారు. అదే మాట మెడ లోపలి లేబుల్ మీద, జేబుకు వేలాడే అట్ట ముక్క మీద, బిల్లు పైన దుకాణం పేరు ఉండే చోట కనిపిస్తే తయారీదారు గుర్తుగా చూస్తారు. సకినాల ప్యాకెట్టు అమ్మేవారికీ ఇదే వర్తిస్తుంది: మాట ప్యాకెట్టు వెనుక చమత్కారంగా ఉండడం వేరు, ముందు వైపు బ్రాండు పేరుగా ఉండడం వేరు. ఫలానా తేదీ నుంచి వాడుతున్నామని దరఖాస్తులో చెప్పినప్పుడు అఫిడవిట్టుతో పాటు ఆధారాలు కూడా జతచేయాలి. అప్పుడు లక్షల వ్యూస్ చూపే స్క్రీన్‌షాట్ కన్నా తేదీ ఉన్న నాలుగు అమ్మకపు బిల్లులే నాకు ఎక్కువ ధైర్యం ఇస్తాయి.

అపోహ: ఎవరు ముందు దరఖాస్తు వేస్తే వారిదే.

2024 ఆగస్టులో అమెరికాలో జూల్స్ లెబ్రాన్ అనే వీడియో సృష్టికర్త నోట "డెమ్యూర్" అనే మాట మారుమోగినప్పుడు, ఆమె కన్నా ముందే వేరేవారు దానికి దరఖాస్తులు వేశారు. ఇలాంటి వార్తలు చదివినవారు కంగారుపడడం సహజమే. అయితే మన దేశంలో, వ్యాపారంలో ముందుగా వాడినవారి హక్కు నమోదు హక్కు కన్నా మిన్న అని తమిళనాడులోని తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా పేరు వివాదంలో సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. దరఖాస్తు ట్రేడ్ మార్కు జర్నల్‌లో ప్రచురితమైన నాటి నుంచి 4 నెలల లోపు ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. దురుద్దేశంతో వేసిన దరఖాస్తు అని వాదించడానికీ చట్టంలో చోటుంది. 2025 మే నెలలో "ఆపరేషన్ సిందూర్" పేరు ప్రకటించిన కొద్ది గంటలకే దరఖాస్తులు వెల్లువెత్తాయి. రిలయన్స్ సంస్థ తమ దరఖాస్తు పొరపాటున పడిందని చెప్పి మర్నాడే వెనక్కి తీసుకుంది. పరుగెత్తి వేసిన కాగితానికి ఉన్న విలువ అంత మాత్రమే.

అపోహ: నమోదైతే ఇక ఆ మాట ఎవరూ అనకూడదు.

నమోదు సరుకుల, సేవల తరగతులను బట్టి ఉంటుంది. మొత్తం 45 తరగతుల్లో దుస్తులు 25లో, టీ పొడి, బియ్యప్పిండి వంటకాలు 30లో, వినోదం 41లో, హోటళ్లు 43లో వస్తాయి. ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో తరగతికి ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు. "అన్నీ వేసేయండి సార్" అనేవారికి నేను రుసుము లెక్క చెప్పి, ముందు ఏం అమ్ముతారో తేల్చుకోమంటాను. వ్యాపారంతో సంబంధం లేకుండా స్నేహితుల మధ్య ఆ మాట అనుకుంటే అది ఉల్లంఘన కాదు.

అపోహ: కాపీరైట్ ఎలాగూ ఉంటుంది.

వీడియోకు ఉంటుంది, అందులోని రెండు మూడు పదాల మాటకు సాధారణంగా ఉండదు. హిందీ నటుడు అనిల్ కపూర్ నోట ప్రసిద్ధమైన "ఝకాస్" అనే మాట విషయంలో ఢిల్లీ హైకోర్టు 2023లో ఇచ్చిన రక్షణను చాలామంది ఉదాహరణగా చూపుతారు గాని, అది ఆయన పేరు, గొంతు, రూపం, మాటతీరు కలిసిన వ్యక్తిత్వ హక్కుకు సంబంధించింది.

అపోహ: దేవతల పేరు కలిపితే మాటకు బలం వస్తుంది.

మేడారం జాతర దగ్గర పడిందంటే బెల్లం ప్యాకెట్ల కోసం ఈ ప్రశ్న తప్పక వస్తుంది. మత విశ్వాసాలను నొప్పించే గుర్తులకు నమోదు ఉండదు. అదీగాక, అగరుబత్తుల మీద "రామాయణ్" అనే పేరుపై ఒకరు హక్కు కోరిన కేసులో, పవిత్ర గ్రంథాల పేర్లను సరుకులకు సొంత గుర్తుగా ఎవరూ కోరలేరని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. సమ్మక్క, సారలమ్మల పేర్లతో నినాదం తయారుచేయవద్దనే నేను సలహా ఇస్తాను.

అపోహ: దరఖాస్తు సంఖ్య వచ్చిందంటే పని అయిపోయినట్లే.

ఆ సంఖ్య రసీదు మాత్రమే. మన రాష్ట్ర దరఖాస్తులను చూసే చెన్నై ట్రేడ్ మార్కు రిజిస్ట్రీ, దరఖాస్తును పరిశీలించి ఇచ్చే పరీక్షా నివేదికలో అభ్యంతరం తెలిపితే, అది అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నమోదు పూర్తయ్యేవరకు పేరు పక్కన "టీఎం" అని వేసుకోవచ్చు గాని, వలయంలో "ఆర్" ఉన్న గుర్తు వాడడం చట్టవిరుద్ధం. నమోదు 10 ఏళ్లు నిలుస్తుంది, ఆ తరువాత పునరుద్ధరించుకోవచ్చు. అయితే వరుసగా 5 ఏళ్లకు మించి ఆ గుర్తును సరుకుల మీద వాడకుండా వదిలేస్తే, దానిని రిజిస్టరు నుంచి తొలగించమని బాధిత వ్యాపారి ఎవరైనా కోరవచ్చు.