పాత మోతాదు, మారిన ఒళ్లు

ఏదో కష్టకాలంలో నిద్ర కోసం మొదలుపెట్టిన డయాజెపామ్ మాత్రను ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే మోతాదులో వేసుకునే పెద్దవాళ్లు ఎందరో. మొదట రాసిచ్చిన డాక్టరు మారినా మాత్ర మారదు. ఇన్నేళ్లుగా పడిన మందు ఇప్పుడేం చేస్తుందిలే అన్న ధీమా సహజమే కానీ, అది ప్రమాదకరం.

డయాజెపామ్ కొవ్వులో కరిగే మందు. వయసు మీదపడేకొద్దీ ఒంట్లో కండ, నీరు తగ్గి కొవ్వు వాటా పెరుగుతుంది. మందు అక్కడ ఎక్కువగా నిల్వ ఉంటుంది. దాన్ని విడగొట్టే కాలేయమూ నెమ్మదిస్తుంది. రక్తంలో మందు సగానికి తగ్గడానికి ఇరవై ఏళ్లవారిలో సుమారు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్లవారిలో 90 గంటల దాకా పట్టవచ్చని 1970లలోనే గమనించారు. అంటే నిన్నటి మాత్ర దిగకముందే ఈరోజుది వచ్చి చేరుతుంది. పగలంతా మగత, మరుపు, అడుగు తూలడం. రాత్రి మూత్రానికి లేచి పడితే తుంటి ఎముక విరగవచ్చు. ఇదంతా వయసు ప్రభావమేనని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. మందు వల్ల వచ్చిన మరుపును ముసలితనంగా పొరబడితే, తగ్గించుకోగల బాధను కూడా భరిస్తూ కూర్చున్నట్టే.

వృద్ధులకు హాని చేయగల మందులను గుర్తించే బీర్స్ జాబితా 1991లో వచ్చింది. ఇలాంటి నిద్రమాత్రలు, అమిట్రిప్టిలిన్ వంటి పాత డిప్రెషన్ మందులు నేటి జాబితాలో ఉన్నాయి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న వృద్ధుల్లో సైకోసిస్ (లేనివి ఉన్నట్టు భ్రమపడే స్థితి) మందులు మరణ ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో తీవ్ర హెచ్చరిక జారీచేసింది.

అలాగని మానసిక వ్యాధుల మందులన్నీ తీసేయాలని కాదు. మళ్లీ మళ్లీ వచ్చే తీవ్ర డిప్రెషన్‌కు, ఉత్సాహం, కుంగుబాటు మారిమారి ముంచెత్తే బైపోలార్ జబ్బుకు అవి ప్రాణరక్షణ కావచ్చు. ఇక ఏళ్ల తరబడి వాడిన నిద్రమాత్రను ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. ఆపిన తొలి రాత్రుల్లో నిద్ర ఇంకా చెడుతుంది కాబట్టి, మాత్ర లేకుండా బతకలేనని చాలామంది మళ్లీ మొదలుపెడతారు. నిజానికి అది మందు వదిలేటప్పటి తాత్కాలిక బాధ.

డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించడమే దారి. కెనడాలోని క్యుబెక్‌లో ఈ మాత్రలు దీర్ఘకాలంగా వాడుతున్న 65 ఏళ్లు పైబడినవారికి ముప్పును వివరించే చిన్న పుస్తకం పంపారు. అందులో 21 వారాల తగ్గింపు క్రమాన్ని నిండు మాత్ర, అర, పావు బొమ్మలతో చూపారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆరు నెలల్లో వారిలో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందనివారిలో మానేసినవారు 5 శాతమే.