రాగిరేకుల్లో నిధి దారి ఉండదు, మేస్టారి మాట కాస్త వినండి

మొన్న ఆదివారం కూడా అదే ఫోన్. "మేస్టారూ, మా పాటిదిబ్బలో రాగిరేకులు బయటపడ్డాయండి. ఫొటోలు పెడతాను, నిధి ఎక్కడుందో కాస్త చదివి పెట్టండి." రాగిరేకులంటే పాతకాలం రాజులు భూదానాలు చెక్కించి ఇచ్చిన శాసనాలు. కోనసీమలో ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి పాత శాసనాలు చదువుతున్నాను. ఈ మాట వినని నెల లేదు.

ఈ నిధి నమ్మకం వెనక ఒక రాజు కథ ఉంది. ఒకప్పుడు మన ప్రాంతాన్ని ఏలిన వేంగీ చాళుక్యుల మూలపురుషుడి కథ. అయోధ్యను యాభై తొమ్మిది మంది చక్రవర్తులు ఏలాక, ఆ వంశంలోని విజయాదిత్యుడు దక్షిణానికి దండెత్తి వచ్చి, త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో చనిపోతాడు. గర్భిణి అయిన రాణి పురోహితుడితో, ముసలి మంత్రులతో ముడివేము అగ్రహారం చేరుతుంది. విష్ణుభట్ట సోమయాజి ఆమెను కూతురిలా కాపాడతాడు. అక్కడ పుట్టిన విష్ణువర్ధనుడు పెరిగి పెద్దవాడై, చాళుక్యగిరి మీద నందాభగవతిని కొలిచి, కదంబ, గాంగ వంశాల రాజుల్ని గెలిచి రాజ్యం స్థాపిస్తాడు. ఇంతవరకు శాసనాల్లో ఉన్న మాటే. రాణి పారిపోతూ నగల మూటలు పాతిపెట్టిందన్నది మాత్రం జనం అతికించింది. ఏ రేకులోనూ ఆ మాట లేదు.

అసలు ఆ విష్ణువర్ధనుడే కల్పిత రాజు. ఈ కథ వేంగీ రాజు విమలాదిత్యుడి రణస్తిపూడి శాసనంలో, ఆయన కొడుకు రాజరాజనరేంద్రుడి 1053 నాటి నందంపూడి శాసనంలో కనిపిస్తుంది. ఈ రెండోదాన్ని రాసింది మన నన్నయే. రెండూ పదకొండో శతాబ్దానివి. నిజంగా ఇక్కడ వంశం నిలబెట్టిన కుబ్జవిష్ణువర్ధనుడు ఏడో శతాబ్దం వాడు, బాదామి చాళుక్య రాజు రెండో పులకేశికి తమ్ముడు. అన్న పిష్టపురం, అదే మన పిఠాపురం, గెలిచాక ఈ దేశం తమ్ముడి చేతికొచ్చింది. ఆయన సొంత శాసనాల్లో అయోధ్య లేదు, పారిపోయిన రాణి లేదు. నాలుగు వందల ఏళ్ల తర్వాత, సూర్యవంశం వాళ్లమని చెప్పుకునే చోళులతో వియ్యమందాక, మనకూ అంతటి చంద్రవంశం ఉండాలని ఆస్థాన కవులు ఈ కథ కూర్చారని నా నమ్మకం. కథ అందమైనదే, నాకూ ఇష్టమే. కానీ దాన్ని పట్టుకుని గునపం తీస్తే ఎలా?

ఇక రేకుల్లో ఏముంటుందో వినండి. ముందు ప్రశస్తి, అంటే రాజవంశం పొగడ్త, తర్వాత ఏ రాజు ఎన్నేళ్లు ఏలాడో వరస (కుబ్జవిష్ణువర్ధనుడు పద్దెనిమిదేళ్లు, ఆయన కొడుకు జయసింహుడు ముప్పై మూడేళ్లు, ఆ తర్వాత ఇంద్రభట్టారకుడు ఏడంటే ఏడు రోజులు), తర్వాత దానం పుచ్చుకున్నవారి గోత్రం, ఊరి పేరు, ఆ తర్వాత సీమలు, అంటే పొలిమేరలు. మోసమంతా ఈ సీమల దగ్గరే జరుగుతుంది. తూర్పున చెరువు, దక్షిణాన పుట్ట, పడమర చింతచెట్టు, ఫలానా మూల ముయ్యలికుట్టు అని ఉంటుంది. ముయ్యలికుట్టు అంటే మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోటు, అంతే. ఇది భూమి హద్దు, ఇవాళ మీ దస్తావేజులో నాలుగు దిక్కుల హద్దులు రాసినట్టే. అంజనం వేసేవాడు దీన్నే నిధి గుర్తులని చదివి చెబుతాడు.

మా పక్క ఊళ్లో ఒకాయన అలాంటి వాడి మాట నమ్మి అర ఎకరం కొబ్బరితోట అమ్మేశాడు. అమావాస్య రాత్రి పాత శివాలయం వెనక తవ్వించారు. దొరికింది నీళ్లు. డెల్టా నేల కదండీ, నాలుగు అడుగులకే ఊట. ఆ తవ్వకంలో శాసనమున్న రాతి స్తంభం రెండు ముక్కలైంది. నేను వెళ్లి అతికించి చదివితే, గుడిలో అఖండ దీపానికి ఎవరో యాభై గొర్రెల్ని ఇచ్చిన సంగతి ఉంది. దాత పేరున్న చోటే పగిలింది. ఆ పేరు ఇక ఎవరికీ తెలియదు. తోట అమ్ముకున్నాయన భార్య గుమ్మంలో కూర్చుని నన్నేమీ అడగలేదు, మంచినీళ్లు ఇచ్చింది. తోట సంగతి నేనూ ఎత్తలేకపోయాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రేకుల్లోది రహస్య లిపి కాదు, ఆ రాజుల కాలంలో వాడిన వేంగీ లిపి, నేర్చుకుంటే ఎవరైనా చదవచ్చు. రేకుల్లో బంగారం కలపలేదు, దయచేసి చింతపండుతో తోమకండి, అక్షరాలు పోతాయి. రాజులది మానవ్య గోత్రం అని ఉంది కాబట్టి మా ఇంటివాళ్లమే అనకండి, కదంబులూ అదే రాసుకున్నారు. ఊరు అగ్రహారమని రేకులో ఉంటే మీ పట్టా ఏమీ పోదు, టెన్షన్ పడకండి.

రేకుల చివర రాసి ఉండే శాపం సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. పోయినేడాది ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. రేకులు ఇంట్లో పెట్టినప్పటి నుంచి మనవడికి జ్వరం తగ్గడం లేదని, చివర్లో అరవై వేల ఏళ్లు పురుగై పుడతారని రాసి ఉందని ఎవరో చదివి భయపెట్టారట. అమ్మా, "స్వదత్తాం పరదత్తాం వా" అన్న ఆ శ్లోకం వందల శాసనాల్లో ఉంది. దానమిచ్చిన భూమిని లాక్కునేవాడికి చెప్పిన మాట అది. దున్నుతుంటే రేకు దొరికినవాళ్లకు కాదు. ఆవిడ ఎదుటే శ్లోకం రెండుసార్లు చదివి అర్థం చెప్పి, పిల్లాణ్ని డాక్టరుకు చూపించమన్నాను.

రేకులు దొరికితే వాటిని కలిపి ఉంచే కడియం కోయకండి, దాని మీది రాజముద్ర గీకకండి, గుడ్డలో చుట్టి పెట్టి తహశీల్దారుకు చెప్పండి, కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ ఉంది, దాచిపెడితే జైలు దాకా పోవచ్చు. ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటోలు తీసి నాకు పంపండి, చదివి పెడతాను. డబ్బులేమీ అక్కర్లేదు.