లక్షలో ఆరుగురు: పిల్లల మెదడు కణితుల లెక్క

అమెరికాలో 19 ఏళ్లలోపు వాళ్లు లక్ష మంది ఉంటే, ఏటా సుమారు ఆరుగురిలో మెదడులోనో వెన్నుపాములోనో కొత్తగా కణితి బయటపడుతోంది. ఈ లెక్కన బెంగళూరు మారతహళ్లిలో వెయ్యి మంది చదివే బడిలో సగటున 16, 17 ఏళ్లకు ఒక్క కేసు. తలనొప్పి అన్న ప్రతి పిల్లనీ స్కానింగ్‌కు పరిగెత్తించక్కర్లేదు. అలాగని కొట్టిపారేసేదీ కాదు. పిల్లల్లో గడ్డ రూపంలో వచ్చే కేన్సర్లలో మొదటి స్థానం మెదడు కణితులదే.

మన దేశంలో కేన్సర్ కేసులు నమోదు చేసే రిజిస్ట్రీలలో ఈ రేటు ఇంకా తక్కువ. సంబరపడేముందు ఆ అంకె ఎలా తయారవుతుందో చూడాలి. బెంగళూరు, చెన్నై రిజిస్ట్రీలు 1980ల తొలి ఏళ్లలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కార్యక్రమం కింద మొదలయ్యాయి. అక్కడ కనీసం ఏడాదిగా ఉంటున్నవాళ్లనే నగరం లెక్కలోకి తీసుకుంటారు. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వచ్చి ఆపరేషన్ చేయించుకున్న పిల్లాడు ఆసుపత్రి రికార్డులో ఉంటాడు, బెంగళూరు రేటులో ఉండడు. వార్డు నిండా పిల్లలు కనిపించినంత మాత్రాన నగరంలో జబ్బు పెరిగినట్టు కాదు.

రెండోది, దేన్ని లెక్కపెడుతున్నామన్నది. అమెరికాలో 2004 నుంచి కేన్సర్ కాని మెదడు గడ్డల్నీ చట్టప్రకారం నమోదు చేస్తున్నారు. మన రిజిస్ట్రీలు ప్రధానంగా కేన్సర్లనే రాసుకుంటాయి. పిల్లల్లో తరచుగా కనిపించే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా నెమ్మదిగా పెరిగే గడ్డ. పూర్తిగా తీసేస్తే చాలామందికి మరే చికిత్సా అక్కర్లేదు. 2000లో వచ్చిన, కణితులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ పుస్తకం దాన్ని కేన్సర్ల వరసలోంచి దించేసింది. అమెరికా రిజిస్ట్రీలు మాత్రం 2022 దాకా పాత పద్ధతిలోనే కేన్సర్‌గా రాశాయి. ఒక కోడ్ అటూ ఇటూ అయితే చాలు, రేటు మారిపోతుంది.

అసలు చిల్లు మూడోచోట ఉంది: జబ్బును గుర్తించకపోవడం. పిల్లల కణితుల్లో సగం దాకా తల వెనక, చిన్నమెదడు చుట్టుపక్కలే పుడతాయి. మెదడు నీరు కిందికి దిగే సన్నని దారి అక్కడే ఉంది. గడ్డ దాన్ని మూసేస్తే పైన నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. పడుకున్నప్పుడు, అందులోనూ నిద్రలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగి నాళాలు వెడల్పైనప్పుడు, ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది. అందుకే తలనొప్పి తెల్లవారుజామున వస్తుంది. లేవగానే వాంతి, దాంతో కాస్త తెరిపి, తర్వాత టిఫిన్ తిని బడికి. ఇంట్లోవాళ్లు గ్యాస్ అంటారు, నులిపురుగులంటారు, బడి ఎగ్గొట్టే ఎత్తు అంటారు. వారాలు గడిచిపోతాయి. వాంతులు రెండు వారాలు దాటినా, తలనొప్పి నాలుగు వారాలు దాటినా, నడకలో తూలుడు, కొత్తగా మెల్లకన్ను, మెడ ఒకపక్కకే వాల్చడం కనిపించినా పిల్లల డాక్టర్‌కు చూపించాల్సిందే. కంటి డాక్టర్ లోపలి నరం ఉబ్బిందేమో చూస్తారు. ఉబ్బు లేనంత మాత్రాన కణితి లేదని కాదు.

పసిబిడ్డల్లో తల ఎముకలు ఇంకా అతుక్కోవు కాబట్టి లోపల నీరు నిండితే తలే పెరుగుతుంది. పుట్టినప్పుడు దాదాపు 35, ఏడాదికి 46 సెంటీమీటర్లు మామూలు చుట్టుకొలత. టేపును కనుబొమ్మల పైనుంచి, తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట మీదుగా చుట్టాలి. ఒక్కసారి కొలిచిన అంకె పెద్దగా ఏమీ చెప్పదు. టీకాకు వెళ్లినప్పుడల్లా కొలిచి పెరుగుదల చార్టులో కొలత తన గీతను దాటి పైకి పోతోందా అని చూడాలి. ఈ కొలత వదిలేసే క్లినిక్కులు చాలానే ఉన్నాయి.

టీనేజీకి వచ్చేసరికి వరస మారుతుంది. 15 నుంచి 19 ఏళ్ల మధ్య మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి పిట్యూటరీలో వచ్చే గడ్డలు ముందుకొస్తాయి. ఎక్కువగా కేన్సర్ కానివే. నెలసరి ఆగిపోవడం, పక్కలకు చూపు తగ్గి గుమ్మాలకు భుజం తగలడం వీటి గుర్తులు.

ఫోన్ సంగతి అందరూ అడిగేదే. మన దేశంతో కలిపి 14 దేశాల్లో 10 నుంచి 24 ఏళ్లవాళ్ల మీద జరిగిన మోబీ-కిడ్స్ అధ్యయనంలో సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు కణితికీ సంబంధం కనబడలేదు. వంశపారంపర్య కారణాలు కొద్దిమందిలోనే. ఒంటిమీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరో అంతకన్నా ఎక్కువో ఉంటే మాత్రం నరాల మీద గడ్డలు వచ్చే జన్యు జబ్బు న్యూరోఫైబ్రొమాటోసిస్ ఉందేమో పరీక్ష చేయించాలి.

స్కాన్ రాస్తే, తొందర లేనప్పుడు ఎమ్మారై మేలు. తల వెనక భాగంలో మందపాటి ఎముకల వల్ల సీటీలో బొమ్మ మసకబారుతుంది. స్పృహ తప్పుతుంటే మాత్రం నిమిషాల్లో అయిపోయే సీటీయే ముందు. ఒత్తిడి పెరిగిందన్న అనుమానముంటే స్కాన్ చూడకుండా నడుములో సూది గుచ్చి నీరు తీయకూడదు, మెదడు కిందికి జారే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలు అరగంట సేపు కదలకుండా పడుకోరు కాబట్టి ఎమ్మారైకి మత్తిస్తారు. సాధారణంగా అన్నం, టిఫిన్ ఆరు గంటల ముందు, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. ఏడుస్తున్నాడని పొద్దున్నే ఇడ్లీ పెడితే ఆనాటి స్కాన్ వాయిదా పడుతుంది.