మెదడులోని పోగుల రూపం ఎలా తెలిసింది?

అల్జీమర్స్ వచ్చినవారి మెదడులో అమైలాయిడ్ బీటా అనే చిన్న ప్రొటీన్ సన్నని దారప్పోగులుగా పేరుకుపోతుంది. ఆ పోగుల్లో అణువులు ఎలా అమరి ఉన్నాయో చాలాకాలం అంతుపట్టలేదు. ఎక్స్-రేతో చూడాలంటే మంచి స్ఫటికం కావాలి. ఇవి స్ఫటికం కట్టవు. అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలకు రేడియో తరంగాలు పంపి, అవి తిరిగి ఇచ్చే సంకేతాలను చదివే మామూలు ఎన్ఎంఆర్‌తో చూడాలంటే ద్రావణం కావాలి, ఇవి కరగవు.

కరిగిన అణువులు అన్నివైపులా పొర్లుతుంటాయి కాబట్టి, పక్కపక్క కేంద్రకాలు ఒకదానిపై ఒకటి చూపే అయస్కాంత ప్రభావం సగటున సున్నా అవుతుంది. సంకేతాలు సన్నని గీతల్లా వస్తాయి. ఘనపదార్థంలో ఆ ప్రభావం అలాగే ఉండిపోయి, గీతలన్నీ వెడల్పై కలిసిపోతాయి. 1958లో రేమండ్ ఆండ్రూ బృందం దీనికి దారి చూపింది. పరీక్షించే పదార్థాన్ని గొట్టంలో నింపి, అయస్కాంత క్షేత్రానికి 54.7 డిగ్రీల వాలులో ఉంచి వేగంగా తిప్పితే ఆ ప్రభావం చెరిగిపోతుంది. ఇప్పుడు కొద్ది మిల్లీమీటర్ల గొట్టాలను సెకనుకు పదివేల చుట్లకు మించి తిప్పుతున్నారు.

అసలు తెలివి ఆ తర్వాతి పనిలో ఉందంటాను. చెరిపేసిన ఆ ప్రభావంలోనే దూరాల లెక్క దాగి ఉంది: కేంద్రకాల మధ్య దూరం రెట్టింపైతే అది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే గొట్టం తిరుగుతుండగానే, సమయం చూసి రేడియో తరంగాలు పంపి, కావలసిన కేంద్రకాల మధ్య దాన్ని మళ్లీ రప్పిస్తారు.

అమైలాయిడ్ మీద అమెరికాలో చేసింది ఇదే. ప్రతి అణువులోనూ ఒకే చోట ఒక కార్బన్‌ను, ఎన్ఎంఆర్‌కు కనిపించే కాస్త బరువైన రకమైన కార్బన్-13గా పెట్టి ప్రొటీన్ తయారుచేశారు. సహజంగా దాని వాటా 1.1 శాతమే కాబట్టి ఆ గుర్తు స్పష్టంగా తెలుస్తుంది. ప్రతి ప్రొటీన్ అణువూ ఒక గొలుసు; పొరుగు గొలుసులు ఎదురెదురు దిశల్లో ఉంటే గుర్తులు చాలావరకు దూరదూరంగా పడాలి. పలుచోట్ల గుర్తు మార్చి కొలిచినా దాదాపు 0.5 నానోమీటరే వచ్చింది. అంటే గొలుసులు ఒకే దిశలో, నిచ్చెన మెట్లలా సమంగా పేరుకున్నాయన్నమాట. ఇలాంటి కొలతలతోనే 2002లో రాబర్ట్ టైకో బృందం పోగుకు ఒక నమూనా రూపం ఇచ్చింది.

2013లో అదే బృందం ఇద్దరు రోగుల మెదడు కణజాలాన్ని విత్తుగా వాడి, కార్బన్-13 ఉన్న ప్రొటీన్‌తో పోగులు పెంచింది. ఒక్కొక్కరిదీ ఒకే ప్రధాన రూపం, కానీ ఇద్దరివీ వేరువేరు! ఇద్దరిని చూసి ఏదీ తేల్చలేం కదా. 2017లో 18 మంది కణజాలంతో మళ్లీ చేశారు. జబ్బు వేగంగా ముదిరినవారిలో, 40 అమైనో ఆమ్లాల పొడవున్న అమైలాయిడ్ బీటా కట్టిన రూపాల పాళ్లు మిగతావారికంటే తేడాగా ఉన్నాయి.