అపోస్టిల్, అటెస్టేషన్: స్టాంపు మీద ఉన్న అపోహలు, స్టాంపు వెనక ఉన్న సంతకాలు

"ఢిల్లీలో మూడు రోజుల్లో సర్టిఫికెట్ల మీద స్టాంపు వేయించి ఇస్తామంటున్నారు. ఇక్కడేమో వారాలు పడుతుందంటున్నారు. స్టాంపు స్టాంపే కదండీ, ఎక్కడ వేయిస్తే ఏం?"

గల్ఫ్ ఆఫర్ లెటర్ చేతికొచ్చినవాళ్ళు మొదట అడిగేది ఇదే. అటెస్టేషన్, అంటే విదేశంలో చెల్లేలా సర్టిఫికెట్లకు అధికారిక ధ్రువీకరణ తీసుకోవడం, ఆ విషయంలో జనం ఎక్కువగా నష్టపోయేదీ ఇక్కడే.

అపోహ: విదేశాంగ శాఖ స్టాంపు పడితే చాలు, ఏ దారిన పడినా ఒకటే.

వాస్తవం: ఆ స్టాంపు మీ డిగ్రీ నిజమైనదని చెప్పదు. అంతకు ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టిన అధికారి ఎవరు, ఆయన హోదా ఏమిటి, ముద్ర సరైనదేనా అన్నంత వరకే హామీ ఇస్తుంది. ఎంబసీ స్టాంపు అక్కర్లేదని ఒప్పందం చేసుకున్న దేశాల కోసం విదేశాంగ శాఖ అతికించే అపోస్టిల్ స్టిక్కరు చదివితే తెలుస్తుంది: అందులో ఉండే 10 అంశాలూ సంతకం, హోదా, ముద్ర, ఊరు, తేదీ, నంబరు లాంటివే. డిగ్రీలో ఏముందన్న ప్రస్తావనే ఉండదు.

అటెస్టేషన్ అంటే సంతకాల గొలుసు. యూనివర్సిటీ సంతకానికి రాష్ట్ర ప్రభుత్వం పూచీ, రాష్ట్ర అధికారి సంతకానికి విదేశాంగ శాఖ పూచీ, విదేశాంగ శాఖ సంతకానికి ఎంబసీ పూచీ. రాష్ట్ర ప్రభుత్వం దగ్గర, అంటే వాడుకలో స్టేట్ హెచ్‌ఆర్‌డీ అనే మెట్టు దగ్గర, సర్టిఫికెట్టు నిజమైనదో కాదో యూనివర్సిటీ రికార్డుతో సరిచూస్తారు. వారాలు పట్టేది అందుకే. మూడు రోజుల ప్యాకేజీలో ఆ మెట్టే ఉండదు. నోటరీ చేయించి, ఢిల్లీలో ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్) సంతకం తీసుకుని, దాని మీద విదేశాంగ శాఖ స్టాంపు వేయిస్తారు. ఆ స్టాంపు దొంగది కాదు, అసలైనదే. కానీ దాని కింద ఉన్నది ఎస్‌డీఎం సంతకం. యూఏఈ, కువైట్ ఉద్యోగ వీసాకు డిగ్రీ పెట్టినప్పుడు ఎంబసీ చూసేది సరిగ్గా ఆ కింది సంతకాన్నే. రాష్ట్ర అటెస్టేషన్ లేదని తిప్పి పంపితే మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. డబ్బు రెండుసార్లు పోవడం అలా ఉంచండి, జాయినింగ్ తేదీ దాటిపోతుంది. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన కుటుంబానికి అది మామూలు దెబ్బ కాదు.

అందుకే ఒరిజినల్ ఎవరి చేతిలోనైనా పెట్టేముందు ఒక్క మెయిల్ పెట్టండి. మీ కంపెనీ హెచ్‌ఆర్‌ని గానీ, అక్కడి యూనివర్సిటీని గానీ మూడు విషయాలు అడగండి: ఏయే సర్టిఫికెట్లు కావాలి, స్టేట్ హెచ్‌ఆర్‌డీ ఉండాలా లేక ఎస్‌డీఎం చాలా, అపోస్టిలా ఎంబసీ అటెస్టేషనా. జవాబు రాతలో తీసుకోండి. "మా బావమరిదికి అలాగే అయింది" అన్న మాట కౌంటర్లో చెల్లదు. బావమరిది వెళ్ళిన ఏడాది వేరు, వీసా వేరు.

ఏ ఏడాదన్నది ఎందుకు ముఖ్యమంటే, దేశాల జాబితా మారుతూ ఉంటుంది. అపోస్టిల్‌కు ఆధారమైన 1961 నాటి హేగ్ ఒప్పందం మన దేశానికి 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది. గల్ఫ్ అనగానే ఎంబసీ అన్న మాటకు కాలం చెల్లింది. ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013లో, సౌదీ 2022 డిసెంబరు 7న అపోస్టిల్ పరిధిలోకి వచ్చాయి. యూఏఈ, కువైట్, ఖతర్‌లకు మాత్రం ఇప్పటికీ విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఎంబసీ, అక్కడ దిగాక ఆ దేశపు విదేశాంగ శాఖ, ఇదీ వరస. కెనడా 2024 జనవరి 11 నుంచి ఒప్పందంలో ఉంది. జాబితాలో పేరున్నంత మాత్రాన సరిపోదు కూడా. జర్మనీ, చైనా రెండూ ఒప్పందంలో ఉన్నాయి, కానీ అభ్యంతరాల కారణంగా మనకూ వాటికీ మధ్య అది అమల్లో లేదు. జర్మనీకని అపోస్టిల్ వేయించుకునే డబ్బు వృథా.

అసలు అవసరమే లేకుండా వేయించుకునేవాళ్ళూ ఉన్నారు. అమెరికా స్టూడెంట్ వీసాకు అపోస్టిల్ అడగరు. కెనడా కోసం విదేశీ డిగ్రీల విలువ కట్టే డబ్ల్యూఈఎస్ అనే సంస్థ మూల్యాంకనానికి కావలసింది యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్ళే ట్రాన్స్‌క్రిప్టులు, స్టిక్కర్లు కాదు. నర్సులు, ఫార్మసిస్టులు ఇంకోటి గమనించాలి: గల్ఫ్‌లో వృత్తి లైసెన్సు కోసం డేటాఫ్లో అనే సంస్థ చేసే వెరిఫికేషన్ వేరు, అటెస్టేషన్ వేరు. ఒకటి అయిందని రెండోది మానేస్తే కుదరదు.

ఫీజు గురించి. అపోస్టిల్‌కు ప్రభుత్వం తీసుకునేది కాగితానికి 50 రూపాయలు. విదేశాంగ శాఖ కౌంటర్లో మీరే నేరుగా ఇవ్వడం కుదరదు, గుర్తింపు పొందిన ఏజెన్సీ ద్వారానే ఇవ్వాలి, దానికి సర్వీసు చార్జీ ఉంటుంది. 2019 నుంచి హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ బ్రాంచి సెక్రటేరియట్‌లోనే ఈ పని అవుతోంది కాబట్టి "ఢిల్లీకి మనిషిని పంపాలి" అని విడిగా డబ్బు అడిగితే ఎందుకో అడగండి.

పేర్ల తేడా స్టాంపుతో సర్దుకుంటుందన్నది ఇంకో నమ్మకం. సర్దుకోదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. తండ్రి పేరు, పుట్టిన తేదీ కలిస్తే దాన్ని వివరించుకోవచ్చు. స్పెల్లింగే వేరైతే కాగితం కదలకముందే సరిచేయించుకోవాలి. టెన్త్ మెమో మార్చడం కంటే దానికి తగ్గట్టు పాస్‌పోర్టు మార్చుకోవడం చాలాసార్లు తేలిక.

పిల్లల బర్త్ సర్టిఫికెట్లో పేరు గడి ఖాళీగా ఉందేమో చూసుకోండి. ఆసుపత్రి నుంచి నమోదైనప్పుడు పేరు పెట్టి ఉండరు, తర్వాత ఎవరూ పట్టించుకోరు. పేరు లేని సర్టిఫికెట్ ఫ్యామిలీ వీసాకు పనికిరాదు. 12 నెలల్లోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. పెళ్ళికి గుడిలో ఇచ్చిన రసీదు చాలదు, రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్టే కావాలి. పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) పోలీస్ స్టేషన్‌లో కాదు, పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా తీసుకోవాలి.

లామినేషన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. భద్రంగా ఉంటుందని అమ్మానాన్నలు ప్రేమతో చేయించింది ఇప్పుడు అడ్డం పడుతుంది. స్టాంపు వేయాల్సింది కాగితం వెనక, ప్లాస్టిక్ మీద సిరా నిలవదు. ఇస్త్రీపెట్టెతో వేడి చేసి ఊడదీస్తే అక్షరాలు, సంతకం కూడా ఊడొస్తాయి. పాత మెమో అయితే ముట్టుకోకుండా బోర్డు నుంచి డూప్లికేట్ తీసుకోవడమే దారి.

వ్యాపార పత్రాలది వేరే గొలుసు. ఇన్‌వాయిస్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, బోర్డు తీర్మానం, పవర్ ఆఫ్ అటార్నీ, ఇవన్నీ ముందు చాంబర్‌కు, అంటే వ్యాపారుల సంఘానికి, వెళ్ళాలి. మన దగ్గర చాలామంది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని తెలంగాణ చాంబర్ ఎఫ్‌టీసీసీఐకి వెళ్తారు. కంపెనీ తరఫున సంతకం పెట్టే వ్యక్తి నమూనా సంతకం వాళ్ళ రికార్డులో ఉండాలి, కాగితం మీద సంతకం దానితో కలవాలి. డైరెక్టరు ఊళ్ళో లేడని ఇంకొకరు సంతకం పెడితే అక్కడే ఆగిపోతుంది. ఎంబసీ ఫీజు కూడా వ్యక్తిగత పత్రాలకంటే చాలా ఎక్కువ, ముందే కనుక్కోండి. ఎక్కువ పేజీల కంపెనీ మెమోరాండం అయితే అన్నీ కలిపి పిన్ను కొట్టి, కలిసే చోట ముద్ర వేస్తారు. తర్వాత జిరాక్స్ తీయడానికని ఆ పిన్ను విప్పకండి. పిన్ను రంధ్రాలు రెండు జతలు కనిపిస్తే పేజీ మార్చారన్న అనుమానం వస్తుంది, ఎంబసీ తిరస్కరించవచ్చు. కాపీ కావాలంటే పుస్తకంలా తెరిచి స్కాన్ చేయించుకోండి.