చెట్టును కొట్టకుండా తూచడం ఎలా?

ప్రియమైన పిల్లలకు,

నాటి పెంచిన అడవి గాలిలోని కార్బన్‌ను ఇన్ని టన్నులు దాచుకుందని లెక్క చెబుతారు కదా, చెట్టును త్రాసులో పెట్టకుండానే ఆ లెక్క ఎలా తేలిందని మీలో ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది.

దర్జీని తలచుకోండి. ఛాతీ చుట్టూ టేపు పెట్టి, చొక్కాకు ఎంత గుడ్డ పడుతుందో చెప్పేస్తాడు. ఎన్నో చొక్కాలు కుట్టిన అనుభవం ఆయనది. అడవిని కొలిచేవారు కూడా దాదాపు మనిషి ఛాతీ ఎత్తులోనే, నేల నుంచి 1.3 మీటర్ల దగ్గర, మాను చుట్టూ టేపు పెడతారు. అంతకుముందే కొందరు ఆ జాతి చెట్లను చిన్నవీ పెద్దవీ ఎంచి కొట్టి, మాను, కొమ్మలు, ఆకులు వేరుచేసి తూచి, వాటి ముక్కలను ఇక బరువు తగ్గనంతవరకు ఎండబెట్టి, ఎంత లావుకు ఎంత బరువో సూత్రం కట్టి ఉంచారు. మాను అడ్డుకొలత రెట్టింపైతే బరువు సుమారు ఐదారు రెట్లవుతుంది. పిల్లల చొక్కాలే కుట్టిన దర్జీ పెద్దల కొలతకు తడబడినట్టు, లేత చెట్ల సూత్రంతో ముదురు చెట్లను, సరుగుడు సూత్రంతో టేకును లెక్కగడితే తప్పు వస్తుంది.

ఎండబెట్టడం ఎందుకంటారా? చిన్నతనంలో అప్పుడే కొట్టిన దుంగను నేను కదపలేకపోయేవాణ్ణి. నెలల తరబడి ఎండలో పడి ఉన్నాక దానినే భుజానికెత్తుకునేవాణ్ణి. పచ్చి చెక్క బరువులో తరచుగా సగం దాకా నీరే ఉంటుంది. ఎండిన 100 కిలోల చెక్కలో మాత్రం సుమారు 47 కిలోలు కార్బనే. అంత కార్బన్ కోసం ఆ చెట్టు గాలి నుంచి దాదాపు 172 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఉంటుంది!

ప్రతి చెట్టునూ కొలవడం కుదరదు కనుక, అడవిలో అక్కడక్కడ చిన్న మడులు ఎంచి, వాటిలోని చెట్లన్నిటినీ కొలిచి మొత్తానికి అంచనా వేస్తారు. దారి పక్కన సులువుగా దొరికే మడులనే ఎంచుకోకూడదు. వెలుతురు ఎక్కువగా అందే అంచు చెట్లు తరచుగా లోపలివాటికన్నా లావెక్కుతాయి. శ్రమ తప్పించుకున్న కొలతను నమ్మకండి.

వేళ్ల లెక్క, నేలలో చేరిన కార్బన్ లెక్క ఇంకా కష్టం. అవి మరో ఉత్తరంలో రాస్తాను. ఈలోగా మీకు దగ్గరలో ఉన్న ఒక చెట్టుకు 1.3 మీటర్ల ఎత్తులో గుర్తు పెట్టి, చుట్టుకొలత తీసి, 3.14తో భాగించి, వచ్చిన అడ్డుకొలతను తేదీతో సహా రాసి ఉంచండి. వచ్చే ఏడాది సరిగ్గా ఆ గుర్తు దగ్గరే మళ్లీ కొలిచి, తేడా ఎంతో నాకు తెలియజేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య