ఫిల్మ్ మీది మచ్చ

మా బాబాయి హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డింగు అతుకులకు రేడియోగ్రఫీ చేసిన మనిషి. అంటే ప్లేటుకి ఇటు కిరణాలు వదిలే ఇరిడియం-192, అటు ఫిల్మ్. రిటైరై ఎన్నేళ్లయినా చేతికి ఏ ఫిల్మ్ వచ్చినా ముందు వెలుతురుకి పట్టి చూస్తాడు. కిందటేడు కడుపులోని పెద్ద ధమని ఉబ్బితే స్టెంట్ గ్రాఫ్ట్ వేయించుకున్నాడు. నెల తర్వాత తీసిన సీటీ ఫిల్మును మల్కాపురం ఇంట్లో కిటికీ అద్దానికి ఆనించి నాకు ఫోన్ చేశాడు.

"ఏరా, ఆపరేషన్‌కి ముందు 5.8 సెంటీమీటర్లన్నారు. ఇప్పుడూ 5.8 అనే రాశారు. మరి చేసిందేటి?"

ఆ టెన్షన్‌లో న్యాయం ఉంది. కడుపులో ఆ ధమని మామూలుగా 2 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. 3 దాటితే అన్యూరిజం అంటారు. మగవాళ్లలో 5.5కి వస్తే సాధారణంగా రిపేరు మాట ఎత్తుతారు. అయితే 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో హువాన్ పరోడి అనే సర్జన్ ఈ ఉబ్బుకి మొదలుపెట్టిన పద్ధతిలో ఉబ్బిన గోడను కోసి తీసెయ్యరు. తొడ దగ్గరి నాళంలోంచి గుడ్డ తొడిగిన గొట్టాన్ని, అంటే స్టెంట్ గ్రాఫ్టుని, పంపి, పాత నాళం లోపల విప్పుతారు. తుప్పు పట్టిన పైపులోకి కొత్త పైపు దూర్చినట్టన్నమాట. రక్తం కొత్త గొట్టంలో పోతుంది. బయటి సంచి గడ్డకట్టిన రక్తంతో అలాగే ఉంటుంది. రిపోర్టులో కొలిచింది ఆ సంచినే. అది చాలామందిలో నెలల మీద, ఏళ్ల మీద మెల్లగా కుంచించుకుంటుంది. నెలకే తగ్గలేదని కంగారు పడక్కర్లేదు. పెరుగుతోందా అన్నది అసలు ప్రశ్న.

ఇంతవరకూ బాబాయికి ఫోన్లోనే చెప్పగలిగాను. బాబాయి రిపోర్టులో రెండో లైను చదివేసరికి నా గొంతు కూడా తగ్గింది. "సంచిలో తెల్లని మచ్చ, ఎండోలీక్ అనుమానం" అని ఉంది. ఎండోలీక్ అంటే గ్రాఫ్ట్ బయట, పాత సంచిలోకి రక్తం ఇంకా చేరుతుండటం. గ్రాఫ్ట్ చివర సరిగ్గా అతుక్కోక అలా జరిగితే వెంటనే సరిచెయ్యాలి. వెన్ను వైపునుంచి వచ్చే సన్న నాళాలు వెనక్కి రక్తం నింపుతుంటే, సంచి పెరగనంత కాలం ఎక్కువగా గమనిస్తూ ఊరుకుంటారు.

కానీ ఆ తెలుపు రక్తమేనా?

సీటీ యంత్రానికి రక్తమూ తెలియదు, ఎముకా తెలియదు. ఎక్స్‌రేను ఏది ఎంత ఆపిందో అదొక్కటే దానికి తెలుసు. ఆ లెక్కకి హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. సీటీ తయారుచేసినందుకు 1979లో నోబెల్ పంచుకున్నాయన. ఆ కొలతలో నీళ్లు 0, గాలి మైనస్ 1000. నరానికి ఎక్కించిన కాంట్రాస్ట్ మందు కలిసిన రక్తం వందల్లో ఉంటుంది. ముసలి ధమని గోడలో పేరుకున్న కాల్షియం కూడా వందల్లోనే. తెర మీద రెండూ తెలుపే. మందు ఎక్కించాక తీసిన ఒక్క బొమ్మ చూసి ఇది ఫలానా అని తేల్చడం కష్టం.

అందుకే మందు లేకుండా ఒక విడత, మందు ధమనిలో పారుతుండగా ఒక విడత, కాసేపాగి ఇంకో విడత తీస్తారు. మందుకి ముందే తెల్లగా ఉన్నది లీకు కాదు. మందుతో పుట్టి, ఆలస్యపు బొమ్మలో ఆకారం మారితే అనుమానం గట్టిది. ఒక్క విడతే చూస్తే రెండో వైపూ మోసపోవచ్చు: నెమ్మదిగా నిండే లీకు మధ్య విడతలో అసలు కనబడకుండా, ఆలస్యపు దాంట్లో మాత్రమే బయటపడొచ్చు. మా బాబాయికి తీసింది మధ్య విడత ఒక్కటే. ఎందుకలా తీశారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పొట్ట కోసి చేసిన ఆపరేషన్లలో ఇంకో తమాషా ఉంది. బొత్తాం కుట్టేటప్పుడు గుడ్డ చిరగకుండా దర్జీ వెనక చిన్న ముక్క పెడతాడు కదా, సర్జన్ కూడా కుట్ల కింద టెఫ్లాన్ ఫెల్ట్ ముక్కలు పెడతాడు. అవి సీటీలో తెల్లగా, సరిగ్గా కుట్టు ఊడితే రక్తం కారే చోటే కనబడతాయి. ఆపరేషన్ కాగితం చూడని వాళ్లకి అది కొత్త ఉబ్బులా తోస్తుంది. గ్రాఫ్ట్ వేసిన మొదటి రోజుల్లో సంచిలో గాలి బుడగలుండొచ్చు, జ్వరమూ రావొచ్చు. రెండూ కలిస్తే ఇన్ఫెక్షన్ అనిపిస్తుంది, చాలాసార్లు కాదు. వారాలు గడిచాక కొత్తగా గాలి కనబడితే మాత్రం తేలిగ్గా తీసుకోరు. మెదడు అన్యూరిజంలో కాయిల్ (ఉబ్బుని పూడ్చే సన్న తీగ చుట్ట) పెట్టిన కొద్ది గంటల్లో సీటీ తీస్తే, కణజాలంలోకి ఇంకిన మందు రక్తస్రావంలా తెల్లగా మెరుస్తుంది. మందైతే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో మాయమవుతుంది, రక్తం అంత త్వరగా పోదు.

ఇదంతా బాబాయికి వివరిస్తుంటే మధ్యలోనే ఆపేశాడు.

"మాకూ ఇదే గోల కదరా. ఫిల్మ్ మడతపడితే నెలవంకలా గీత పడుతుంది. కొత్త కుర్రాడు వెల్డింగులో పగులని రాసేసేవాడు. నేనైతే ఇంకో ఫిల్మ్ తీయించి పక్కన పెట్టేవాణ్ణి. అతుకులో ఉన్నదైతే రెండిట్లోనూ ఉంటుంది, ఫిల్మ్‌లో ఉన్నదైతే ఒక్కదాంట్లోనే."

మంచం కింద సూట్‌కేసులోంచి ఆపరేషన్‌కి ముందు తీసిన స్కాను సీడీతో సహా బయటికి తీశాడు. మర్నాడు డాక్టరుగారు కంప్యూటర్లో రెండూ పక్కపక్కన పెట్టారు. మందు ఎక్కించకముందు తీసిన పాత బొమ్మలో, నడుం మూడో వెన్నుపూస ఎదురుగా, అదే మచ్చ, అదే ఆకారం. గోడలోని కాల్షియం. అయినా ఆలస్యపు విడత లేదు కాబట్టి లీకు లేనే లేదని ఆయన అనలేదు. ఆరో నెలలో మూడు విడతలూ తీద్దామన్నారు.

ఇంటికొచ్చాక బాబాయి కొత్త ఫిల్మ్ కవరు మీద తేదీ వేసి, కింద స్కెచ్ పెన్నుతో రాశాడు: "మచ్చ పాతదే. ఒక్క విడత. మళ్లీ తీయాలి."